పసుపు దీపం: జురాంగ్ డైరీ

2025 జనవరి 21, మంగళవారం

కొత్తగా చేరిన కుర్రాడికి ఇవాళ ప్యానెల్ తలుపు తీసి చూపించాను. అనకాపల్లి దగ్గరివాడు, ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా. మీటరు పెట్టి ఒక ఛానెల్ చదవమంటే చదివి కంగారుపడ్డాడు.

“నాలుగు మిల్లీయాంప్స్ వస్తోందన్నా. గ్యాస్ ఉందా?”

లేదు. లేదని చెప్పడానికే ఆ నాలుగు. డిటెక్టర్ నుంచి వచ్చే తీగలో 4 మిల్లీయాంపులు పారితే గ్యాస్ సున్నా, 20 పారితే స్కేలు నిండినట్టు. మీథేన్ గాలిలో 5 శాతం చేరితే అంటుకుంటుంది. ఆ అయిదు శాతాన్ని నూరుగా లెక్కేసి, దాన్నే నూరు శాతం ఎల్‌ఈఎల్ అంటాం. చాలాచోట్ల మొదటి అలారం 20 దగ్గర, రెండోది 40 దగ్గర. తీగలో అది 7.2, 10.4 మిల్లీయాంపులు. అంటే మొదటి హారన్ మోగేసరికి గాలిలో ఉన్న మీథేన్ ఒక్క శాతమే. పరుగెత్తడానికీ వాల్వు మూయడానికీ ఆ మాత్రం వ్యవధి ఉంచారు.

మరి సున్నాకి సున్నా పెట్టకుండా నాలుగెందుకు? గాలి శుభ్రంగా ఉన్నా, కేబుల్ తెగినా తీగలో సున్నాయే ఉంటే ప్యానెల్‌కి రెండూ ఒకటే అయిపోతాయి. హాజరు పట్టీ పిలిచినప్పుడు “ఉన్నాను సార్” అన్న జవాబు, ఆ నాలుగు. జవాబు రాలేదంటే పిల్లాడు బుద్ధిమంతుడని కాదు, బడికే రాలేదని. కరెంటు 3.6 కంటే దిగినా 21 దాటినా దాన్ని గ్యాస్ లెక్కలో చూడకూడదు, ఫాల్ట్‌గా చూడాలి. కొన్ని డిటెక్టర్లు తమ జబ్బును తామే చెబుతాయి. ఒకటి పంపితే లోపల చెడినట్టు, రెండు పంపితే ఎవరో మరమ్మతులో పెట్టినట్టు. ఈ అంకెలు కంపెనీని బట్టి మారతాయి, మాన్యువల్ చూడందే నోరు విప్పకూడదు.

గ్యాస్‌కి ఎర్రదీపం, ఫాల్ట్‌కి పసుపు దీపం. యంత్రం చేత “నాకు తెలియదు” అనిపించడానికి ఎవరో బుర్ర పెట్టి ఆలోచించారు. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. జనం మాత్రం ఎరుపు చూసి పరుగెడతారు, పసుపు చూసి వర్క్ ఆర్డర్ రాసి సోమవారం దాకా ఆగుతారు.

ఫిబ్రవరి 5

హారన్ మోగితే ఆపరేటర్ మొదట నొక్కేది యాక్సెప్ట్. మోత ఆగుతుంది, దీపం మిణుకు మాని నిలకడగా వెలుగుతుంది. గ్యాస్ పోయాక కూడా దీపం పోదు. ఎవరో ఒకరు చూసి, రీసెట్ నొక్కి పంపించాలి. అలారం లాచ్ అవడం అంటే అది. గాలి తిరిగి గ్యాస్ అరనిమిషంలో చెదిరిపోయినా, వచ్చి వెళ్లిన సంగతి ప్యానెల్ మీద మిగలాలనే ఈ ఏర్పాటు.

రాత్రి షిఫ్టులో యాక్సెప్ట్, రీసెట్ రెండూ ఒకే ఊపులో నొక్కే వేళ్లు ఉంటాయి. ఈవెంట్ లాగ్‌లో రెంటికీ మధ్య ఒక్క సెకను తేడా చూస్తే అది ఎవరి షిఫ్టో చెప్పేయవచ్చు.

ఫిబ్రవరి 15, శనివారం

సాయంత్రం 6.20కి సింగపూర్ అంతటా సైరన్. 1942లో ఇదే తేదీన బ్రిటిష్ సైన్యం జపాన్‌కి లొంగిపోయింది. దాని గుర్తుగా ఏటా మోగిస్తారు, సెప్టెంబర్ 15న మరోసారి. సైరన్‌కి మూడు రకాల మోతలున్నాయి: ప్రమాదం, ప్రమాదం తప్పింది, ముఖ్యమైన కబురు. ఇవాళ్టిది మూడోది, మోగితే రేడియో పెట్టుకోవాలి. జురాంగ్ ఈస్ట్ హాకర్ సెంటర్లో ఎవరూ తల ఎత్తలేదు. పక్క బల్ల దగ్గర పెద్దాయన కోపీ తాగుతూ గడియారం మాత్రం సరిచూసుకున్నాడు.

నేను తప్పుపట్టను. సైరన్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే మోగించి వినడం ఒక్కటే దారి. మా డిటెక్టర్ల సంగతీ ఇంతే, కాకపోతే వాటికి ఏడాదికి రెండుసార్లు చాలదు.

మార్చి 6

ఒక టెర్మినల్ పంపుహౌస్‌లో ఒక ఛానెల్ మధ్యాహ్నాల్లో 3, 5, 6 శాతం చూపిస్తోంది. రాత్రికి మళ్లీ సున్నా. అలారం గీటు 20 కాబట్టి ఎవరికీ పట్టలేదు. “వానొస్తే అలాగే ఎక్కుతుంది” అని కంట్రోల్ రూమ్‌లో అందరికీ తెలిసిపోయి ఉంది. నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఈ తెలిసిపోవడమే. రేపు నిజంగా ఫ్లాంజ్ కారి 6 శాతం వచ్చినా వాన ఖాతాలోకే పోతుంది.

పోర్టబుల్ మీటరు పట్టుకుని చుట్టూ తిరిగాం. గ్యాస్ లేదు. వాన కూడా లేదు. ఇక్కడ ఏడాదిలో సగానికి దగ్గరగా ఉరుముల రోజులే, కానీ మనం ఎదురుచూసే రోజున మబ్బు ఉండదు.

మార్చి 30, ఆదివారం. ఉగాది

సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లి, అటు నుంచి తెలిసినవాళ్లింట్లో భోజనానికి. వాళ్ల నాన్నగారు కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నారు. గోదావరిఖని మనిషి, సింగరేణిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యారు. నా పనేమిటని అడిగారు. చెప్పగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

“మాకు ఈ డబ్బాలన్నీ మొదట్ల యాడివి బిడ్డా? సేఫ్టీ ల్యాంపే.”

మంటను బాగా తగ్గించి కప్పుకి దగ్గరగా పట్టుకుంటే, మీథేన్ ఉన్నచోట మంట మీద లేతనీలం టోపీ కనబడుతుందట. టోపీ ఎత్తును బట్టి ఎంత శాతమో చెప్పేవారు. అప్పటి గని నిబంధనల్లో 1.25 శాతం దాటితే ఆ జిల్లాకి కరెంటు కట్ చేయాలి. ఎల్‌ఈఎల్ లెక్కలోకి మారిస్తే అది 25. ఇక్కడ మేం పెట్టే మొదటి అలారానికి దాదాపు పక్కనే. గనుల్లో ‘జిల్లా’ అంటే ఒక పని తావు. కొడుకు కరీంనగర్ జిల్లా అనుకుని బిత్తరపోతే అందరం నవ్వాం.

దీపం ఆరిపోతే ఏం చేసేవారు బాబాయ్‌గారూ అని అడిగాను. ఆరడానికి కారణాలు చాలా: ఆక్సిజన్ తగ్గవచ్చు, గ్యాస్ మరీ ఎక్కువై ఊపిరాడక ఆరవచ్చు, నూనె అయిపోయి ఉండవచ్చు, చెయ్యి తగిలి ఉండవచ్చు.

“ఎందుకారిందో ఆడ నిలబడి సూసుడు లేదు. ఆరిందంటే ఎనక్కి తిరుగుడే. బయటికొచ్చినంక నూనె సూస్కో.”

ప్యానెల్ మీద పసుపు దీపం గురించి నేను రాసిన ట్రైనింగ్ కాగితం నాలుగు పేజీలుంటుంది. ఆయన చెప్పినదాని కంటే అందులో ఎక్కువేమీ లేదు.

ఏప్రిల్ 10

వాన దొరికింది. పంపుహౌస్ ఛానెల్ ప్యానెల్ దగ్గర 4.8 మిల్లీయాంపులు, డిస్‌ప్లేలో 5 శాతం. కుర్రాణ్ణి రెయిన్‌కోటుతో డిటెక్టర్ దగ్గరికి పంపి అక్కడ చదవమంటే 4.0. డిటెక్టర్ సున్నా అంటోంది, ప్యానెల్ అయిదంటోంది. ఆ 0.8 మిల్లీయాంపు దారిలో ఎక్కడో పుడుతోంది. అంటే సెన్సర్‌ది తప్పు కాదు. ఇంతకుముందు ఇద్దరు మనుషులు సెన్సర్ మార్చిపోయారని రికార్డులో ఉంది.

సగం దారిలో జంక్షన్ బాక్స్. కేబుల్ గ్లాండ్ పైనుంచి పెట్టారు, కిందనుంచి పెట్టాలి. కేబుల్ వెంట నీళ్లు నేరుగా లోపలికి. మూత తీస్తే టెర్మినల్ స్ట్రిప్ సగం తడి. 24 వోల్టుల స్క్రూకి, పక్కనున్న సిగ్నల్ స్క్రూకి మధ్య నీళ్లు. వాటి మీదుగా పారిన కరెంటునే ప్యానెల్ గ్యాస్ అనుకుంది. ఎండ కాస్తే నీరు ఆరి సున్నాకి దిగేది.

రాగి అప్పటికే పచ్చబారింది. ఇంకో నెల వదిలేస్తే తీగ పుచ్చి తెగి, ఫాల్ట్ వచ్చేది. అప్పుడు కనీసం పసుపు దీపం వెలిగేది. ఈలోగా లేని గ్యాస్‌ని ఉందని చూపిస్తూ కాలక్షేపం. దీనికి ఉల్టా కూడా ఉంటుంది: తడి సిగ్నల్‌కీ కామన్‌కీ మధ్య చేరితే కొంత కరెంటు దారిలోనే జారిపోయి, ఉన్న గ్యాస్ తక్కువగా కనబడుతుంది.

రెండు చివర్లా ఒకేసారి కొలవాలి. మీటరు ఉన్న ప్రతివాడికీ తెలిసిన సంగతే. ఇద్దరు మనుషులు, ఒక వాకీటాకీ కావాలి కాబట్టి చేయరు.

ఏప్రిల్ 17

అక్క ఫోన్. గాజువాక ఇంట్లో గ్యాస్ అలారం కొన్నారట, బావ ట్యూబ్‌లైట్ పక్కన బిగించాడు. తీసి నేల నుంచి అడుగెత్తులో పెట్టించు అన్నాను. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది. అది సీలింగ్ దాకా ఎక్కేసరికి పొయ్యి వెలిగించిన మనిషి మిగలడు. మరి నీ ఇంట్లో పైన ఉంది కదరా అంది. ఇక్కడ పైపులో వచ్చే టౌన్‌గ్యాస్ వేరు. అందులో సగం అటూ ఇటూగా హైడ్రోజనే, పైకి లేస్తుంది.

ఆ హైడ్రోజన్ ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్‌కి అసలు కనబడదు. ఎంత ఖరీదైనదైనా సరే. ఏ గ్యాస్‌కి ఏ కన్నో తెలియకుండా కొన్నవాళ్లకి పచ్చదీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది.

ఏప్రిల్ 24, గురువారం

ఇవాళ చూసిన డిటెక్టర్ గురించి తీరిగ్గా రాయాలి.

పాత రకం, పెల్లిస్టర్. లోపల రెండు చిన్న పూసలు, సన్నటి ప్లాటినం తీగ మీద. ఒకదానికి ఉత్ప్రేరకం పూసి ఉంటుంది, రెండోది ఊరికే తోడు. కరెంటుతో రెండూ వేడెక్కి ఉంటాయి. గ్యాస్ తగిలితే మొదటి పూస మీద అది మండుతుంది, మంటకి వేడి, వేడికి నిరోధం పెరుగుతుంది. రెండు పూసల్నీ కలిపిన బ్రిడ్జి సర్క్యూట్ తూకం తప్పుతుంది. ఆ తప్పిన తూకమే మనం చదివే శాతం. 1920ల్లో కాలిఫోర్నియా చమురు కంపెనీలో ఆలివర్ జాన్సన్ అనే ఆయన మొదలుపెట్టిన కిటుకు, నూరేళ్లవుతున్నా నడుస్తోంది. హైడ్రోజన్‌తో సహా మండేది ఏదైనా పట్టుకుంటుంది.

దీనికి సిలికోన్ విషం. తలుపు కిర్రుమంటోందని ఎవరో కొట్టిన స్ప్రే, కిటికీకి పూసిన సీలెంట్, అద్దం తుడిచే పాలిష్ చాలు. ఆ ఆవిరి పూస మీద కాలి సన్నటి గాజుపొరలా పేరుకుంటుంది. ఆపైన గ్యాస్ వచ్చినా మండదు. మండదు కాబట్టి వేడి లేదు, తూకం చెదరదు, 4.0 మిల్లీయాంపులు, పచ్చదీపం. తీగ తెగలేదు, పూస మాడలేదు, కరెంటు సరిగ్గా ఉంది. ఫాల్ట్ అనడానికి ప్యానెల్ దగ్గర ఒక్క సాక్ష్యం లేదు. ఇవాళ్టిది అచ్చంగా అదే. మీథేన్ రెండున్నర శాతం ఉన్న సిలిండర్ నుంచి గ్యాస్ పట్టించాం. 50 చూపించాలి. 3 దగ్గర ఆగింది.

పక్కన గదికి కొత్తగా సీలెంట్ పూశారు. ఎప్పుడు పూశారో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. అంటే ఎన్నాళ్లుగా గుడ్డిదో కూడా తెలియదు. ఆఖరిసారి ఇలా గ్యాస్ పట్టించి బంప్ టెస్ట్ చేసిన తేదీకీ ఇవాళ్టికీ మధ్య ఎప్పుడైనా కావచ్చు. టెస్టుల మధ్య ఎడం ఎంతుంటే అజ్ఞానం అంత అన్నమాట.

ఇంకో తిరకాసు. మండటానికి గాలి కావాలి. గ్యాస్ మరీ ఎక్కువైతే ఆక్సిజన్ చాలక పూస మీద మంట తగ్గి అంకె కిందికి దిగుతుంది. 100 దాకా ఎక్కి దిగినప్పుడు తగ్గిపోయిందని సంతోషించకూడదు. మంచి కంట్రోలర్లు స్కేలు దాటగానే అక్కడే బిగించి, మనిషి వచ్చి చూసేదాకా వదలవు. కొన్ని పాతవి వదిలేస్తాయి.

ఇన్‌ఫ్రారెడ్‌కి ఈ విషాల బాధ లేదు. దీపం మాడినా అద్దం మసకబారినా తనే చెబుతుంది. అయినా పెల్లిస్టర్లు పోవు, చవక.

మే 3, శనివారం

ఇవాళ ఎన్నికలు, సెలవు. పౌరులు తప్పనిసరిగా ఓటేయాలి. నాకు లేదు, బట్టలు ఉతుక్కున్నాను.

మా దగ్గరా ఓటింగే. ఒక డిటెక్టర్ ఎరుపు చూపితే హారన్ మోగుతుంది గానీ ప్లాంటు ఆగదు. మూడింట్లో రెండు ఒప్పుకుంటేనే వాల్వులు పడతాయి. ఒక్క డిటెక్టర్ మాట మీద రిఫైనరీ ఆపితే మళ్లీ లేపడానికి రోజులు పడుతుంది, ఆపడంలో లేపడంలో ఉండే ప్రమాదాలు వేరే. న్యాయమే.

చిక్కు ఎక్కడంటే, మూడింట్లో ఒకటి ఫాల్ట్‌లో ఉన్నప్పుడు దాని ఓటు ఎవరికి? “గ్యాస్ ఉంది” అని లెక్కేస్తే మిగిలిన రెంటిలో ఒకటి కూసినా ప్లాంటు ఆగుతుంది. “లేదు” అని లెక్కేస్తే మిగిలిన రెండూ ఒప్పుకుని తీరాలి, వాటిలో ఒకటి గుడ్డిదైతే అంతే సంగతులు. నా మట్టుకు మొదటిదే సరి. దీన్ని ప్రోగ్రామ్‌లో రాసేది ఒక ఇంజినీరు, ఎక్కడో ఏసీ గదిలో, ఒక్క టిక్ మార్కుతో. అడిగేవాళ్లు తక్కువ.

మే 7, బుధవారం

అయిదేళ్లు. 2020 మే 7, తెల్లవారుజామున మూడింటి ప్రాంతం, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీక్. ఇక్కడ మేమంతా లాక్‌డౌన్‌లో గదుల్లో, ఫోన్లలో ఆ వీడియోలు. రోడ్డు మీద కూలిపోతున్న మనుషులు, గట్లు దాటలేక పడిపోయిన పశువులు. గోపాలపట్నంలో మా పిన్నివాళ్లు లుంగీలతో నైటీలతో సింహాచలం వైపు నడిచారు. ప్రాణాలు పోయినవారు పన్నెండు మంది.

ఎల్‌జీ పాలిమర్స్ మీద నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ నివేదిక జులైలో వచ్చింది. నా వృత్తి కళ్లతో చదివితే రెండుచోట్ల ఆగిపోతాను.

ఒకటి: ఎం6 ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగున మాత్రమే. లాక్‌డౌన్‌తో ప్లాంటు ఆగి ఉంది, ట్యాంకులో స్టైరీన్ కదలకుండా నిలవ ఉంది. అడుగు చల్లగా, పైపొర వేడిగా. పైన పాలిమర్‌గా మారడం మొదలైంది. మారుతూ వేడి పుట్టించింది, ఆ వేడికి ఇంకా త్వరగా మారింది. అడుగునున్న సెన్సర్ తన దగ్గర ఎంత వేడి ఉందో అంతే చెప్పింది, నిజమే చెప్పింది. అది చెడిపోలేదు. అడగాల్సిన చోట సెన్సర్ లేదు, లేనిచోట ఫాల్ట్ దీపం వెలగదు. దాదాపు 800 టన్నుల స్టైరీన్ ఆవిరి బయటికి పోయింది. గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, పల్లానికి, ఊళ్లోకి పాకింది.

రెండు: సైరన్ మోగించడానికి ప్లాంటులో 36 చోట్ల బటన్లున్నాయి, గేటు దగ్గర కూడా. ఒక్కటీ నొక్కలేదు.

దీని గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. డిటెక్టర్ కనిపెట్టాక కంట్రోల్ రూమ్‌లో మోగితే సగం పనే అయినట్టు. అక్కణ్నుంచి ఊరికి వెళ్లే తీగ మనిషి వేలిమీదుగా వెళుతుంది. కంగారులో ఆ వేలు లేవదు. ఎవరో కావాలని ఆపారని కాదు. సైరన్ మోగిస్తే జవాబుదారీ తనదవుతుంది, మోగించకపోతే ఎవరిదీ కాదు. మనలో ప్రతివాడికీ తెలిసిన భయమే అది. అందుకే రెండో అలారానికి సైరన్ దానంతటదే మోగేలా రిలే నేరుగా కట్టాలంటాను. అబద్ధపు మోత మోగితే మోగనీ.

కుర్రాడికి ఆ రోజు పదిహేనేళ్లట. అనకాపల్లిలో పొద్దున్నే మాస్కులు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నారట. ఇంకేమీ చెప్పలేదు.

మే 23

నిరుడు ఇదే రోజు చోవా చు కాంగ్ నీటి శుద్ధి కేంద్రంలో ట్యాంకు కడుగుతూ ముగ్గురు స్పృహ తప్పారు. హైడ్రోజన్ సల్ఫైడ్. నలభై ఏళ్ల భారతీయ కార్మికుడు చనిపోయాడు, ఇద్దరు మలేషియన్లు ఐసీయూకి వెళ్లారు. తాగునీటి కేంద్రంలో ఏం గ్యాస్ ఉంటుందిలే అనుకునే చోటు అది. 2017 మార్చి 30న మొగల్తూరు ఆక్వా ఫ్యాక్టరీలో ట్యాంకులోకి దిగిన అయిదుగురూ గుర్తొచ్చారు. రెండుచోట్లా పని ఒకటే, కడగడం.

ఈ గ్యాస్ కుళ్లిన గుడ్డు వాసనని అందరికీ తెలుసు. తెలియంది ఏమంటే, వంద పీపీఎం చేరితే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుంది. ముక్కుకి పసుపు దీపం లేదు. వాసన పోయింది కదా అని లోపలికి ఇంకో అడుగు వేస్తారు.

ఇక్కడి 2009 నిబంధనల ప్రకారం ఇరుకు చోట్లలోకి దిగాలంటే ఆక్సిజన్ 19.5కీ 23.5కీ మధ్య, మండే గ్యాస్ 10 శాతం ఎల్‌ఈఎల్ లోపు ఉండాలి. పైనుంచి గొట్టం దింపి కొలుస్తారు. బురద కదిపాక వచ్చే గ్యాస్ సంగతి కదపక ముందు తీసిన రీడింగ్‌కి తెలియదు. చొక్కాకి తగిలించుకున్న మీటరు ఒక్కటే దానికి విరుగుడు.

జూన్ 12

కాలిబ్రేషన్ చేసేటప్పుడు ఛానెల్‌ని ఇన్‌హిబిట్ చేస్తాం, అంటే దాని అలారం పనిచేయకుండా కాసేపు ఆపి ఉంచుతాం. లేకపోతే పరీక్ష గ్యాస్‌కే ప్లాంటు ఆగిపోతుంది. పని అయ్యాక తీయాలి. ఇవాళ ఒకచోట ప్యానెల్‌లో ఇన్‌హిబిట్ జాబితా తెరిస్తే ఒక స్క్రీన్ చాల్లేదు. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, పర్మిట్ నంబరేది? జవాబు: “అది ఎప్పుడూ ఊరికే మోగుతుంది.”

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి పదకొండు మంది పోయారు. తెల్లవారుజామున అబద్ధపు అలారాలకి జనం నిద్ర చెడుతోందని జనరల్ అలారాన్ని ఇన్‌హిబిట్‌లో పెట్టి ఉంచారని ఆ రిగ్గు చీఫ్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ జులైలో విచారణ ముందు చెప్పాడు. సెన్సర్లు కనిపెడతాయి, ప్యానెల్ మీద చూపుతాయి, రిగ్గంతా మాత్రం మోగదు. అలా పెట్టినవాడు దుర్మార్గుడేం కాదు, నిద్ర కావాలనుకున్నాడు.

జాబితా ప్రింటు తీసి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టి వచ్చాను.

జులై 2

పాశమైలారం. సోమవారం పొద్దున మందుల పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో పేలుడు. లెక్క ఇంకా పెరుగుతోంది. డ్రయ్యర్ దగ్గర మొదలైందంటున్నారు. అది సెల్యులోజ్ పొడి, మాత్రల్లో కలిపేది.

“అక్కడ మన డిటెక్టర్లుంటే పట్టుకునేవా అన్నా?”

లేదు. గ్యాస్ డిటెక్టర్‌కి పొడి కనబడదు. గాలిలో లేచిన సన్నపొడి గ్యాస్ లాగే పేలుతుంది. 2021 ఫిబ్రవరి 24న ఇక్కడే తువాస్‌లో మిక్సర్ యంత్రం నూనె జాకెట్ పగిలి పేలుడు, దాని వెంటే చుట్టూ పేరుకున్న బంగాళదుంప పిండి భగ్గుమంది. ముగ్గురు పోయారు. పిండి. చీపురు, పీల్చే యంత్రం, నిప్పురవ్వ లేకుండా చూడటం, ఇవే దానికి కాపలా. నా పెట్టెలో దానికి పనికొచ్చేది ఏమీ లేదు.

ఆగస్టు 19

రాత్రి షిఫ్టు కంట్రోల్ రూమ్. 24 వోల్టుల సప్లయ్ ఒకటి కుంగిపోయి, దాని కింద ఉన్న ఛానెళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి ఫాల్ట్‌లోకి వెళ్లాయి. స్క్రీన్ పసుపుతో నిండింది. జబ్బు ఒకటే, కేకలు పాతిక. మూలం ఏదో తెలియాలంటే మొదట వచ్చింది ఏదో చూడాలి. లాగ్‌లో టైము ప్రకారం అన్నిటికంటే పైన ‘పవర్ సప్లయ్ లో’ ఉంది, మిగతావన్నీ దాని తర్వాతి సెకన్లలో. ఫస్ట్‌అప్ అంటే ఇదే.

1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీ పేలడానికి ముందు ఆఖరి పదకొండు నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు వచ్చాయి. రెండున్నర సెకన్లకొకటి. ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాల్లో మామూలు వేళల్లో పది నిమిషాలకు ఒకటి మించకూడదన్నారు. మా కంట్రోల్ రూముల్లో దాన్ని చదివి వినిపిస్తే మర్యాదగా నవ్వుతారు.

సెప్టెంబర్ 9

ఉరుములు. బయటి పనులన్నీ బంద్. షెడ్డులో కుర్రాడు మ్యాగీ వండాడు. రెండేళ్లు దాటిన హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సర్ సెల్స్ జాబితా రాసుకున్నాను. ఈ తేమకి ఇంకా ముందే పోతాయి.

అక్టోబర్ 12, ఆదివారం

1978లో ఈ తేదీన జురాంగ్ షిప్‌యార్డ్‌లో స్పైరోస్ అనే గ్రీకు ట్యాంకరు పేలింది. మధ్యాహ్నం భోజనం వేళ దాటగానే. కటింగ్ టార్చ్ నిప్పు, ఇంధనంలో కలిసిన క్రూడ్ ఆవిరి. 76 మంది. స్వతంత్ర సింగపూర్‌లో అంత పెద్ద పారిశ్రామిక ప్రమాదం మళ్లీ జరగలేదు. వేడిపనికి ముందు గ్యాస్ చూడటం, పర్మిట్ మీద సంతకం, ఆ ట్యాంకరు తర్వాతే ఇక్కడ గట్టిపడ్డాయి. మేం విసుక్కుంటూ నింపే కాగితం వెనక డెబ్బై ఆరుగురున్నారు.

అక్టోబర్ 15, బుధవారం

ఒక ప్లాంటులో పైప్‌ర్యాక్ కింద వెల్డింగ్. పర్మిట్ ఉంది, పొద్దున గ్యాస్ చూశారు, శుభ్రం. పదకొండింటికి ఆ ప్రాంతపు డిటెక్టర్లలో ఒకటి ఫాల్ట్. మిగతా రెండూ సున్నా, పచ్చ.

డ్యూటీలో ఉన్న ఆపరేటర్ మలయ్ అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు. రేడియోలో పని ఆపమంది. కాంట్రాక్టరు ఫోర్‌మన్ పైకే వచ్చేశాడు. గ్యాస్ లేదు కదా, పసుపే కదా, పోర్టబుల్ కూడా సున్నాయే కదా, పదిమందిని ఊరికే కూర్చోబెడతావా, గంటకి ఎంతో తెలుసా. ఆమె గొంతు పెంచలేదు. పర్మిట్‌లో ‘ప్రాంతపు డిటెక్షన్ పనిచేస్తూ ఉండాలి’ అన్న గీత మీద పెన్ను పెట్టి చూపించింది. ఇప్పుడు పనిచేయడం లేదు, అంతే.

మమ్మల్ని పిలిచారు. ప్యానెల్ టెర్మినల్స్ దగ్గర 0.0 మిల్లీయాంపులు. అంటే డిటెక్టర్ తన జబ్బు తాను చెప్పడం లేదు, అసలు మాటే లేదు. సప్లయ్ చూస్తే ఆ ఛానెల్‌కి 24 వోల్టులు వెళ్లడం లేదు. ఫ్యూజు. ఊరికే ఫ్యూజు మార్చేస్తే మళ్లీ పోతుంది కాబట్టి కేబుల్ ఇన్సులేషన్ చూశాం, డిటెక్టర్ విప్పి చూశాం. ఏమీ దొరకలేదు, కొన్ని ఫ్యూజులు వయసు మీద పడి పోతాయి. ఫోర్‌మన్ “ఫ్యూజు కోసమా ఇంత” అని తనలో తాను కాకుండా అందరికీ వినబడేలా అన్నాడు.

కొత్త ఫ్యూజు వేశాం. కరెంటు వచ్చి 4.0 దగ్గర నిలబడింది. ఆ నాలుగుని నమ్మి వదిలేయకుండా కుర్రాడు సిలిండర్ తెచ్చి బంప్ చేశాడు, 48 దాకా ఎక్కింది, హారన్ మోగింది. ఆమె లాగ్‌బుక్‌లో ఆపిన టైము, కారణం, బంప్ రీడింగ్, మళ్లీ మొదలుపెట్టిన టైము రాసి నా సంతకం తీసుకుంది. ఒంటిగంటన్నరకి వెల్డింగ్ మొదలైంది.